బీరువాలో పాముపొడ

"ఇవాళ ఏదో ఒకటి జరుగుతుంది, చూస్తూ ఉండు," అన్నాను.

అప్పటికి ఏమీ జరగలేదు. మా అమ్మాయి పళ్లు తోముకుంటోంది. నోటి నిండా నురుగుతోనే నా వైపు తిరిగింది.

"ఏం జరుగుతుందమ్మా?"

"ఏం జరుగుతుందో తెలిస్తే ఇంక భయం దేనికి? తెలియకే కదా ఈ గుండెదడ."

"మొన్నా ఇలాగే అన్నావు. ఏం జరిగింది?"

"పాలు విరిగాయి."

మా ఆయన పేపరు దించకుండానే, "మీ అమ్మని వాతావరణ శాఖలో వెయ్యాల్సింది. ఎండ కాస్తున్నా తుఫాను హెచ్చరికే," అన్నారు. తండ్రీ కూతురూ నవ్వుకున్నారు. నవ్వుకోనీ అనుకున్నాను. ఇంట్లో ఒక్కరైనా భయపడుతూ ఉంటేనే మిగతావాళ్లు అలా నిశ్చింతగా పేపర్లు చదువుకోగలిగేది.

నిజానికి ఆ రోజు నా భయానికి కారణం ఉంది. మా అమ్మాయి వ్యవసాయ విస్తరణ అధికారి. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు పక్కింటావిడ ముఖం పాలిపోయింది. విస్తరణ అంటే ఆవిడకి తెలిసింది రోడ్డు విస్తరణ ఒక్కటే. "మీ అమ్మాయి మా ప్రహరీ గోడ జోలికి రాదు కదా వదినా?" అని అడిగింది. వచ్చేది పొలాల జోలికే అని ఎంత చెప్పినా నమ్మలేదు. ఇప్పటికీ అమ్మాయి చేతిలో టేపు కనిపిస్తే ఆవిడ వెళ్లి గోడకి వీపు ఆనించి నిలబడుతుంది.

నాకూ మొదట్లో ఆ ఉద్యోగమేమిటో అంతుపట్టలేదు. నేను పట్నంలో, కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు పైనున్న అద్దెగదిలో పుట్టి పెరిగినదాన్ని. చదువంటారా, హైస్కూలు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. వరి నాకు బియ్యం రూపంలోనే పరిచయం. అమ్మాయే విడమరిచి చెప్పింది. పరిశోధనా కేంద్రాల్లో పెద్దవాళ్లు పంటల గురించి కనిపెట్టిన సంగతులు రైతు దగ్గరికి మోసుకెళ్లాలి. రైతు కష్టాలు ఆ పెద్దవాళ్ల దగ్గరికి మోసుకురావాలి. పోస్టుమాన్ ఉద్యోగమన్నమాట అన్నాను. "పోస్టుమాన్‌కి ఉత్తరాలు ఎవరో రాసి ఇస్తారమ్మా. నాకు అదీ లేదు," అంది.

ఊళ్లు బోలెడు. అమ్మాయి ఒక్కతే, స్కూటరు ఒక్కటే. పొద్దున వెళ్తే చీకటి పడే వేళకి ఇల్లు చేరేది, ఒళ్లంతా బురద. ఈ లోపల ఇంట్లో నేను ఆ స్కూటరుని కాలవలో పడేశాను, లారీ కింద పెట్టాను, కుక్కల చేత తరిమించాను, పిడుగు పడితే చెట్టు కింద నిలబెట్టాను. అన్నిట్లోంచీ అది క్షేమంగా బయటపడి గేటు ముందు ఆగి హారన్ కొడితే తప్ప నాకు మంచినీళ్లు దిగేవి కావు.

అందుకే 'పంటపిలుపు' వచ్చినప్పుడు నా కన్నా సంతోషించినవాళ్లు లేరు. అదొక యంత్రం. అమ్మాయి ఇంట్లో కూర్చుని తన ఫోన్‌లోకి ఒక్కసారి మాట్లాడితే చాలు, అన్ని ఊళ్ల రైతుల ఫోన్లూ ఒకేసారి మోగుతాయి. ఎత్తితే అమ్మాయి గొంతు వినిపిస్తుంది. తర్వాత కుయ్‌మంటుంది. అప్పుడు రైతు తన గోడు చెప్పుకోవాలి. ఆ యంత్రం అందులోంచి మాటలు ఏరుకుని ఏ ఆఫీసుకి ఆ ఆఫీసుకి ఫోన్ కలుపుతుంది. గేదె అంటే పశువుల డాక్టరుకి. నీళ్లు అంటే కాలవ ఆఫీసుకి. తెగులు అంటే మా అమ్మాయికి. పాము అంటే ఆసుపత్రికీ, పాములు పట్టే ఆయనకీ. ఈ పాము అన్న మాట నేను పట్టుబట్టి పెట్టించాను. పొలమన్నాక పాము లేకుండా ఎలా ఉంటుంది?

యంత్రం బాగానే ఉంది. మనుషులే పలకలేదు.

ఫోన్ ఎత్తితే అవతల యంత్రం మాట్లాడుతోందని తెలియగానే రైతులు ఏదో అప్పు ఇస్తామనే కంపెనీ అనుకుని పెట్టేసేవాళ్లు. పొరపాటున విన్నవాళ్లకి అర్థమయ్యేది కాదు. మా వీధి చివర కూరగాయలు దించే ఒక రైతు ఉన్నాడు. ఆయన మెల్లగా మాట్లాడితే రెండు వీధులకి వినిపిస్తుంది. అందుకని అందరూ గొంతురైతు అంటారు. అమ్మాయి ఆయన్నే అడిగింది, నా సందేశం ఎలా ఉంది అని.

"గొంతు బాగుంది మేడమ్మా," అన్నాడు గొంతురైతు. పక్కింటి కిటికీ తెరుచుకుంది. "కానీ ఎవరో పెద్దమనిషి పోయినట్టు చెప్తున్నారు. సగం వినేసరికి నాకు ఏడుపొచ్చింది. పోయింది ఎవరో తెలియలేదు."

ఇక ఆఫీసులవాళ్ల సంగతి. పశువుల డాక్టరు, ఆసుపత్రి నర్సమ్మ, కాలవ ఆఫీసు ఆయన, అందరినీ కలిపి ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టింది మా అమ్మాయి. ఒకరి పని ఇంకొకరికి తెలియాలని ఆశ. అందులో పొద్దున్నే గులాబీ పూలు వచ్చేవి. ఇంకొకరు సూర్యోదయం పెట్టేవాళ్లు. ఎవరో కుక్కపిల్లని పెట్టేవాళ్లు. పంట సంగతి మాత్రం ఎవరూ ఎత్తేవారు కారు. కాలవ తూము ఎత్తి నీళ్లు వదలడం, దించి ఆపడం చూసుకునే ఆయన్ని అందరూ తూముసారు అంటారు. ఆయన పూలు కూడా పెట్టేవాడు కాదు. సందేశం పంపితే చదివినట్టు గుర్తు పడేది. ఫోన్ చేస్తే ఎత్తేవాడు కూడా. ఎత్తి, ఊరుకునేవాడు. అవతలివాళ్లు మాట్లాడి మాట్లాడి అలిసిపోయి పెట్టేసేదాకా ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదట.

"ఎందుకలా?" అని అడిగాను.

"పలికితే పై ఊళ్లవాళ్లు నీళ్లు ఆపమంటారు, కింది ఊళ్లవాళ్లు వదలమంటారు. పలక్కపోతే ఇద్దరూ తిడతారు కానీ పని ఉండదు," అంది అమ్మాయి.

ఇదంతా మా అమ్మాయి పైఅధికారి చెవిన పడింది. అందరూ పెద్దసారు అనే ఆయన ఆ రోజే వస్తున్నాడు, పంటపిలుపు పని చేస్తోందో లేదో తేల్చడానికి. "రైతులూ పలకాలి, శాఖలూ పలకాలి. లేకపోతే ఆ యంత్రం ఆపేస్తాను. నువ్వు విత్తనాల గోదాముకి వెళ్లి బస్తాలు చూసుకో," అని ముందే చెప్పాడు. గోదాము అనగానే నాకు బస్తాల దొంతర ఎలా కూలుతుందో కళ్లకి కట్టింది. కానీ అమ్మాయి బాధ బస్తాల గురించి కాదు. ఆ యంత్రం కోసం ఎన్ని ఆఫీసుల మెట్లు ఎక్కి దిగిందో నేను చూశాను. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే ఆకలి లేదేమో అనుకోవడానికి నేనేమీ పక్కింటావిడని కాదు.

పైగా పొలాల్లో ఏదో జబ్బు మొదలైందట. రైతులకి వెంటనే చెప్పాలి. పెద్దసారు వచ్చేలోపల చెప్పాలి.

పళ్లు తోముకోవడం అయ్యాక అమ్మాయి గోడలో కట్టిన బట్టల బీరువాలోకి దూరింది. బట్టల మధ్య కూర్చుంటే బయటి చప్పుళ్లు రికార్డులో పడవట. పెద్ద చదువులు చదివి ఆఖరికి రగ్గుల మధ్య కూర్చుని ఉద్యోగం చేస్తోంది.

"తలుపు పూర్తిగా వెయ్యకు తల్లీ, ఊపిరాడదు."

"వెయ్యకపోతే నీ గొంతు పడుతుందమ్మా."

"నేనేం మాట్లాడనులే."

"ఇప్పుడేం చేస్తున్నావు మరి?"

తలుపు వేసుకుంది. నేను బయట పీట వేసుకుని కూర్చున్నాను. ఊపిరాడక పడిపోతే ఎవరో ఒకరు తలుపు తియ్యాలి కదా. మా ఆయన అయితే పేపరు అయ్యాక తీస్తారు.

లోపలినుంచి మాటలు సన్నగా వినిపించాయి. "ప్రియమైన రైతు సోదర సోదరీమణులకు నమస్కారం. మన ప్రాంతపు వరి పొలాల్లో పాముపొడ వ్యాపిస్తున్నట్లు క్షేత్రస్థాయి పరిశీలనలో గమనించడమైనది."

నేను నిటారుగా కూర్చున్నాను.

"గట్ల వెంబడి మొదలై లోపలికి పాకుతున్నది. నిన్న నేను మడిలో నిలబడి ఉండగా, నా మోకాలికి దిగువనే, దీన్ని స్వయంగా చూడటం జరిగింది."

ఆ తర్వాత ఏమన్నదో నేను వినలేదు. పాము. మడిలో. నా కూతురి మోకాలి దిగువన. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, అన్నం కెలికి, పడుకుంది తప్ప కన్నతల్లికి ఒక్క ముక్క చెప్పలేదు. ఎలా లేచానో లేచాను. బీరువా తలుపు రెండు రెక్కలూ ఒక్కసారే లాగాను. రెండు రగ్గులూ, మా ఆయన చలికోటూ, అమ్మాయీ వరసగా బయటికి వచ్చారు.

"కాటేసిందా? ఏది, కాలు చూపించు. ఈ కాలా, ఆ కాలా?"

"అమ్మా, రికార్డవుతోంది..."

"అవనీ. అందరూ విననీ. అందరూ తల్లులు కన్న బిడ్డలే కదా." అమ్మాయి చేతిలోంచి జారిన ఫోన్ నేను అందుకున్నాను. దాన్ని నోటి దగ్గర పెట్టుకుని నా గుండెల్లో ఉన్నదంతా చెప్పేశాను.

"నాయనలారా, తల్లులారా, వినండి. పొలాల్లో పాముందట. మా అమ్మాయి కళ్లారా చూసింది. ఆ గట్ల మీద గడ్డి మీకెందుకు, పెంచుకుంటున్నారా? చెక్కి పారెయ్యండి. మడిలో నీళ్లు బయటికి వదిలెయ్యండి. నీళ్లు నిలబడి ఉంటే కాళ్ల కింద ఏముందో కనిపించి చస్తుందా? మా అమ్మాయి రోజూ మొత్తుకుంటూనే ఉంటుంది, ఆ యూరియా దండిగా చల్లొద్దని. వింటారా? చల్లి చల్లి పైరుని అడవి చేస్తారు. అందులో ఏం దూరిందో ఎవరికి తెలుస్తుంది? మానెయ్యండి. ఒక మడిలో దిగిన కాళ్లతో పక్క మడిలోకి దిగకండి. ఇంటి దగ్గర మీకోసం ఎదురు చూసేవాళ్లు ఉంటారు, గుర్తు పెట్టుకోండి."

"అమ్మా, ఆపెయ్," అంది అమ్మాయి రగ్గు కిందనుంచి.

ఆపేద్దామనే చూశాను. ఫోన్ మీద ఒక ఎర్ర బొత్తాం, ఒక ఆకుపచ్చ బొత్తాం కనిపించాయి. ఎర్రది నా జన్మలో నొక్కను. ఎర్రది ఎక్కడున్నా ప్రమాదానికే పెడతారు. అందుకని నిదానంగా, జాగ్రత్తగా ఆకుపచ్చది నొక్కాను.

అమ్మాయి ముఖం చూశాక నాకు సంగతి కొంచెం అర్థమైంది.

"ఎర్రది నొక్కితే చెరిగిపోయేదమ్మా."

"మరి ఆకుపచ్చది?"

"అందరికీ వెళ్లిపోయింది."

మా ఆయన మొదటిసారి పేపరు దించారు. "ఎందరికి?" అన్నారు.

"ఉన్నవాళ్లందరికీ నాన్నా."

అమ్మాయి రగ్గు మీదే చతికిలబడి నాకు చెప్పింది. పాముపొడ అంటే పాము కాదు. వరికి వచ్చే తెగులు. దుబ్బు అడుగున, నీటి మట్టం దగ్గర మొదలై, పాము చర్మం మీద మచ్చల్లా పైకి పాకుతుందట. అందుకని ఆ పేరు. ఆ పేరు పెట్టినవాళ్లు నాకు కనిపిస్తే నాలుగు అడుగుదామనుకున్నాను. పువ్వు పేరో, పండు పేరో పెట్టొచ్చు కదా.

"ఇంకో సందేశం పంపించు తల్లీ, పాము కాదని."

"ఒకటి పంపగానే యంత్రం కాసేపు తలుపు మూసుకుంటుందమ్మా. లేకపోతే రోజంతా రైతుల్ని విసిగిస్తామని అలా పెట్టారు."

ఇంతలో ఫోన్ మోగింది. పాములు పట్టే ఆయన.

"మేడమ్, నాకు ఒకేసారి ఇన్ని ఊళ్లనుంచి ఫోన్లు కలిశాయి. నా దగ్గర సంచీ ఒక్కటే ఉంది. ఎన్ని పాములు?"

"పాములు లేవండీ," అంది అమ్మాయి.

"పట్టేశారా? ఎవరు?" ఆయన గొంతు కాస్త నొచ్చుకున్నట్టు మారింది. "నేనుండగా ఇంకొకరి చేత పట్టించారా?"

"అది కాదండీ..."

"ఆఫీసుకే వస్తున్నా. అక్కడే తేల్చుకుందాం," అని పెట్టేశాడు. వెంటనే ఆసుపత్రినుంచి. ఆ వెంటనే పశువుల డాక్టరు. ఆఫీసుల్లో ఎవరూ పలకరని ఇన్నాళ్లూ ఏడ్చిన అమ్మాయి, ఇప్పుడు పలికేవాళ్లని ఆపలేక ఏడ్చేట్టుంది. స్కూటరు తీసింది. నేను వెనకెక్కాను.

"నువ్వెందుకమ్మా?"

"నీ ఉద్యోగం పోతే పక్కన ఎవరో ఒకరు ఉండాలి కదా."

స్కూటరు మీద వెళ్తూ పొలాల వైపు చూశాను. ఎక్కడ చూసినా జనమే. వంగిన నడుములు, లేస్తున్న పారలు. గట్లన్నీ బోడి చేస్తున్నారు. ఇంకో పక్క మడులకి గండ్లు కొడుతున్నారు. అమ్మాయి స్కూటరు వేగం తగ్గించి చాలాసేపు చూసింది. అదీ నాకు భయమే వేసింది, ముందు చూడకుండా బండి నడుపుతోందని.

ఆఫీసు హాల్లో అడుగు పెట్టేసరికి ఒక్కటి తప్ప కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయి. ఆ కుర్చీలకి కొన్నప్పటి ప్లాస్టిక్ కాగితం ఇంకా తీయలేదు. ఎవరైనా కదిలితే అప్పడం విరిగినట్టు చప్పుడు. ఒక పక్క సూదిమందుల పెట్టె ఒళ్లో పెట్టుకుని, ఆసుపత్రి వ్యానులో వచ్చిన నర్సమ్మ. పక్కన తాడు భుజాన వేసుకుని పశువుల డాక్టరు. ఆయన దాకా చేరేసరికి కబురు పాము గేదెని కరిచిందని మారిందట. వెనకాల కొక్కెం కర్రా, సంచీ పట్టుకుని పాములాయన. కాళ్లకి బురదతో గొంతురైతు. మధ్యలో, గోడకున్న పెద్ద తెర ముందు నిలబడి పెద్దసారు.

ఆ తెర మీద ఊళ్ల పటం ఉంటుంది. రైతు ఎవరైనా పలికితే అక్కడొక చుక్క వెలుగుతుంది. మొన్నటిదాకా అది చీకటి గదిలా ఉండేదని అమ్మాయి చెప్పేది. ఇప్పుడు పెళ్లిపందిరిలా ఉంది. పెద్దసారు పాడైందనుకుని దాన్ని అరచేత్తో కొడుతున్నాడు. కొట్టినకొద్దీ ఇంకో రెండు చుక్కలు వెలుగుతున్నాయి.

ఈ పక్క పశువుల డాక్టరు నర్సమ్మని ఎగాదిగా చూశాడు.

"మీరు ఆసుపత్రి వాళ్లా? గ్రూపులో గులాబీలు పెట్టేది మీరేనా?"

"నేనే. సూర్యోదయాలు మీవా?"

"అవునండీ. ఎక్కడ మీ ఆసుపత్రి?"

"మీ ఆఫీసు వెనక సందులోనే."

"అలాగా. మా గేదెల అరుపులు మీకు వినిపిస్తాయా?"

"రోజూ. మా పేషెంట్లే అనుకుంటున్నాను ఇన్నాళ్లూ," అంది నర్సమ్మ.

పెద్దసారు తెరని కొట్టడం ఆపి ఇటు తిరిగాడు. "పాము ఎక్కడ?" అన్నాడు.

అమ్మాయి ముందుకి వెళ్లింది. ఒక్క మాట కూడా దాచకుండా చెప్పింది. బీరువా, రగ్గులు, ఆకుపచ్చ బొత్తాం, అన్నీ. నేను గోడకి కరుచుకుపోయి నిలబడ్డాను. అన్నీ చెప్పాక, "పాముపొడ అంటే తెగులు సార్. పాము లేదు," అంది.

కుర్చీల ప్లాస్టిక్ కూడా కదల్లేదు.

"లేదా?" అన్నాడు పాములాయన. "చిన్నదైనా?"

గొంతురైతు లేచి నిలబడ్డాడు. చేతిలో వేళ్లతో సహా పీకిన వరి దుబ్బు ఒకటి ఉంది. "మరి ఇదేంటి మేడమ్మా? గట్టు చెక్కుతుంటే పాము ఉందేమోనని దుబ్బులు విడదీసి చూశాను. అడుగున ఈ మచ్చలు. ఎప్పుడూ వంగి చూసింది లేదు."

"అదే," అంది అమ్మాయి. "అదే పాముపొడ."

అందరూ దాని చుట్టూ మూగారు. పాములాయన కర్రతోనే దాన్ని అటూ ఇటూ తిప్పి, చాలా జాగ్రత్తగా పరీక్షించాడు. "చారలు బాగానే పడ్డాయి. కానీ ఇది నా పరిధిలోకి రాదు," అని సంచీ మడిచేసుకున్నాడు.

"అంటే మేం నడుములు విరగ్గొట్టుకుని గట్లు చెక్కింది ఉత్తినేనా?" గొంతురైతు మామూలుగానే అడిగాడు. బయట నిద్రపోతున్న కుక్క లేచి వెళ్లిపోయింది.

"ఉత్తినే కాదు," అంది అమ్మాయి. అప్పుడు దాని గొంతులో చిన్న మార్పు వచ్చింది. సందేశాల్లో వినిపించే గొంతు కాదది. అన్నం దగ్గర వాళ్ల నాన్నతో వాదించేటప్పటి గొంతు. "గట్టు మీద గడ్డిలోనే ఈ తెగులు కాచుకుని కూర్చుంటుంది. చెక్కడం మంచి పని. యూరియా ఎక్కువైతే పైరు దట్టమై గాలి ఆడదు, అప్పుడు ఇది రెచ్చిపోతుంది. ఆపడం మంచి పని. జబ్బున్న మడిలో దిగి పక్క మడిలోకి వెళ్లకపోవడం మంచి పని. నీళ్లు తీసెయ్యడం అన్నిటికన్నా మంచి పని. మా అమ్మ చెప్పినవన్నీ చెయ్యాల్సినవే. కారణాలే ఒక్కటీ నిజం కాదు."

నాకు కూర్చోవాలనిపించింది. ఖాళీ కుర్చీ ఒక్కటే కనిపించింది.

"నీళ్లు తీసెయ్యమంటే తీసేశాం కానీ పోతేగా," అన్నాడు గొంతురైతు. "గండి కొట్టాం. మడిలో నీళ్లు బయటికి పోవడం పోయి బయటి నీళ్లు మడిలోకి వస్తున్నాయి. కాలవ అంచుల దాకా ఉంది. మురుగు కాలవ వెనక్కి తంతోంది."

అందరి కళ్లూ అమ్మాయి వైపు తిరిగాయి. అమ్మాయి మాత్రం ఆ ఖాళీ కుర్చీ వైపు చూసింది. అది తూముసారుది. నాకెందుకో అందులో కూర్చోబుద్ధి కాలేదు.

"తూము దించకపోతే ఈ నీళ్లు ఇలాగే ఉంటాయి సార్," అంది. "ఉంటే తెగులు అన్ని మడుల్లోకీ పాకుతుంది. ఇవాళ దించాలి."

పెద్దసారు ఆ కుర్చీని చూసి, మళ్లీ అమ్మాయి వైపు తిరిగాడు. "చూడమ్మా. ఇవాళ రైతులు పలికారు, ఎందుకైతేనేం. ఈ శాఖలూ పలికాయి. కానీ అసలు పలకాల్సిన మనిషే పలకలేదు. ఆయన పలికి తూము దించితే నీ పంటపిలుపు ఉంటుంది. లేదంటే ఇదంతా ఉత్తి హడావుడి కింద రాసేస్తాను. ఆ తర్వాత నీకు గోదామే." అని తనే ఫోన్ చేసి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాడు.

తూముసారు ఎత్తాడు. అలవాటు ప్రకారం ఊరుకున్నాడు. నీళ్ల హోరు, దాని మధ్య ఊపిరి చప్పుడు వినిపిస్తున్నాయి. అంటే తూము దగ్గరే ఉన్నాడు.

"నేను మాట్లాడేది వినపడుతోందా? తూము వెంటనే దించండి. ఇది ఆర్డరు," అన్నాడు పెద్దసారు.

నీళ్ల హోరు.

పశువుల డాక్టరు బల్ల మీదికి వంగాడు. "సార్, మనం ఒకే గ్రూపులో ఉన్నాం. సూర్యోదయాలు నేనే. ఒక్క మాట పలకండి."

నీళ్ల హోరు.

గొంతురైతు, "బాబూ, తూము," అన్నాడు. కిటికీ అద్దం అదిరింది. అవతల నిజానికి ఫోన్ లేకుండానే వినపడి ఉంటుంది. అయినా పలుకు లేదు.

అమ్మాయి మర్యాదగా చెప్పింది, బతిమాలింది. గట్లు చెక్కిన సంగతి, గండ్ల సంగతి, మచ్చల సంగతి, అన్నీ విడమరిచింది. చివరికి కళ్లలో నీళ్లు రాకుండా తెర మీది చుక్కల్ని లెక్క పెడుతున్నట్టు అటు తిరిగింది. ఫోన్‌లో నీళ్లు అలాగే పోతున్నాయి. పెద్దసారు చేతి గడియారం చూసుకుని, పెట్టేద్దామని ఫోన్ మీదికి చెయ్యి చాపాడు.

నాకు మాత్రం వాళ్లెవరికీ తట్టని ఆలోచన వచ్చింది. ఒక మనిషి తూము దగ్గర నీళ్ల పక్కన ఉన్నాడు. ఫోన్ ఎత్తాడు. ఇంతమంది ఇన్ని మాటలన్నా పలకడం లేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఎవరైనా అలా ఉంటాడా?

"ఉండండి," అని పెద్దసారు చెయ్యి పక్కకి తోసేశాను. ఆ తొయ్యడం సంగతి తర్వాత తలుచుకుంటే ఇప్పటికీ చెమటలు పడతాయి. "నాయనా, నువ్వు బాగానే ఉన్నావా?"

నీళ్ల హోరు. కానీ ఊపిరి చప్పుడు ఆగినట్టనిపించింది.

"జారి పడ్డావా నాయనా? ఆ తూము మెట్లు పాకుడు పట్టి ఉంటాయి. చెప్పులు ఎలాంటివి వేసుకున్నావో ఏమో. నోట మాట రావడం లేదా? ఎడమ చెయ్యి లాగుతోందా? ముఖం ఒక పక్కకి వంకర పోయిందేమో చూసుకో. అద్దం లేకపోతే నీళ్లలో చూసుకో. వద్దు వద్దు, నీళ్ల మీదికి వంగకు."

నర్సమ్మ నిజంగానే పెట్టె మూత తెరిచింది.

"భయపడకు నాయనా. ఇక్కడ నర్సమ్మ ఉంది, వ్యాను ఉంది. ఇప్పుడే పంపిస్తాం. పశువుల డాక్టరు గారి దగ్గర తాడు ఉంది, నీళ్లలో పడి ఉంటే పైకి లాగుతారు. పాములాయన కూడా వస్తారు, పొడుగు కర్ర ఉంది. మేం వచ్చేదాకా దేన్నైనా గట్టిగా పట్టుకుని ఉండు."

నీళ్ల హోరు.

"ఇంట్లోవాళ్లకి ఎవరికైనా చెప్పాలా? మీ అమ్మగారు ఉన్నారా?"

"ఉన్నారు," అంది నర్సమ్మ నా చెవిలో. "తూముసారు వచ్చే ఏడాది రిటైరవుతాడు కానీ వాళ్లమ్మ గారు గట్టిగానే ఉన్నారు. ఇంట్లో ఆవిడ మాటే."

"ఉన్నారటగా నాయనా. ఆవిడ నంబరు ఎవరి దగ్గరైనా తీసుకుని నేనే చెప్తాను. ఒక్కసారిగా చెప్పనులే, ఆ వయసులో తట్టుకోలేరు. మెల్లగా మొదలుపెడతాను. నీ కొడుకు తూము దగ్గర ఉన్నాడమ్మా, పిలిస్తే పలకడం లేదు, ఊళ్లో అందరం పిలిచాం, అని. ఆవిడని కూడా వ్యానులో ఎక్కించుకుని అక్కడికే తీసుకొస్తాను."

నీళ్ల హోరు. పెద్దసారు నోరు తెరిస్తే నేను చేత్తో ఆగమన్నాను. అమ్మాయి నా పక్కకి వచ్చి నిలబడింది. దాని భుజం నా భుజానికి తగిలింది. తెర మీద ఒక చుక్క వెలిగింది, ఎవరూ అటు చూడలేదు. ప్లాస్టిక్ కుర్చీలో ఎవరో కదిలి, తప్పు చేసినట్టు మళ్లీ సర్దుకున్నారు.

ఫోన్‌లో ఎక్కడో ఇనుప చక్రం కిర్రుమంది. ఆగింది. మళ్లీ కిర్రుమంది. ఈసారి ఆగలేదు. నీళ్ల హోరు కొద్దికొద్దిగా సన్నబడింది. సన్నబడి సన్నబడి, కుళాయి ధార అంత అయింది. తర్వాత ఎవరో గొంతు సవరించుకున్నారు. చాలాకాలం వాడని గొంతులా ఉంది, మొదటి మాట బయటికి రావడానికి రెండు మూడు సార్లు తడబడింది.

"దించేశానండీ," అన్నాడు తూముసారు. "మా అమ్మకి మాత్రం ఏమీ చెప్పకండి."